పాల చెట్టు చుట్టూ మూడుసార్లు

నా చిన్నప్పుడు మా ఇంటి గడపని తుపాకితో దాటిన మనిషి ఒక్కడే. మా పెద్దక్క మొగుడు, మీకు తాత. మీ అమ్మ ఆయన్ని గురించి మీకు గొప్పగానే చెప్పి ఉంటుంది, చెప్పనీండి. పోయిన మనిషిని తక్కువ చేసి మాట్లాడకూడదంటారు. నేను తక్కువ చేయను, ఉన్నంతే చెబుతాను. ఉన్నదే కొంచెం, దానికి నేనేం చేసేది?

మా ఊరు తిరుత్తణికి పడమటి పక్క, కొండ కింద ఉండేది. ఇంటి వెనక చెరకు, చెరకు దాటితే నీళ్ళ వంక, వంక దాటితే అడవి మొదలు. పాల, నేరేడు, మద్ది, ఊడుగ, వెలగ, అన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు పెరిగి, పైన తీగెలు అల్లుకొని, మిట్టమధ్యాహ్నం కూడా కింద నేల చల్లగా ఉండేది. మా అవ్వ, అంటే మా నాయన్ని కన్న తల్లి, రోజూ ఆ అడవికి వెళ్ళేది. విస్తరాకులకని ఒకరోజు, చీపురుపుల్లలకని ఒకరోజు చెప్పేది. ఒక్కోరోజు వట్టి చేతులతో తిరిగొచ్చేది. ఎందుకు పోయావని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నాకు పదేళ్ళప్పుడు, వానలు మొదలైన కొత్తల్లో, అవ్వ నన్ను వెంట తీసుకెళ్ళింది. వంక దాటి ఎడమచేతి వైపు చాలా దూరం నడిచాక ఒక పెద్ద బండ, దాని కింద నీటి ఊట. నన్ను బండ మీద బోర్లా పడుకోబెట్టి, మెల్లగా తల వంచి చూడమంది. కింద చుక్కల జింక నీళ్ళు తాగుతోంది. దాని పక్కన, కాళ్ళింకా సరిగ్గా నిలవని పిల్ల. తల్లి మూతి నీళ్ళలోనే ఉన్నా చెవులు మాత్రం ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతూనే ఉన్నాయి. ఇంటికి వచ్చేటప్పుడు అవ్వ ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఇది నీ కంట్లోనే ఉండల్ల మే. నోట్లోకి రానీకు."

పది రోజులు రానీలేదు. ఆ తర్వాత బావ వచ్చాడు.

బావకి తిరువళ్ళూరులో ఏదో ఆఫీసులో గుమాస్తా పని. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అక్కని తీసుకొని ఆదివారం రైలుకి వచ్చేవాడు. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోవడం, కాఫీ చల్లారిందని లోటా పక్కన పెట్టేయడం, మా ఇంట్లో ప్రతి వస్తువునీ రెండు వేళ్ళతో పట్టుకొని చూడడం, ఇవీ ఆయన విద్యలు. మేము వాటికే మురిసిపోయేవాళ్ళం, నేను అందరికంటే ఎక్కువ. ఆయన బూట్లని నా పావడా అంచుతో తుడిచిపెట్టాను. ఇప్పుడు చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది.

ఆ రోజు అన్నం తింటూ బావ అడవి వైపు చెయ్యి చూపించాడు. "ఏం మామా, ఇంత కంపని ఊరి పక్కనే పెట్టుకోని ఉండారే. సుమ్మా వట్టి ఆకులు, ఎలకలు. కొట్టేసి సవుకు తోపు పెడితే కట్టెలకన్నా వస్తాది గదా."

మా నాయన తలాడించాడు. అల్లుడు ఏమన్నా ఆయన తల ఆడేది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పౌరుషం కాదులెండి, ఆయన నా వైపు ఒకసారి చూడాలన్న ఆశ.

"ఎలకలు కాదు బావా, జింక ఉండాది. పిల్ల గూడా ఉండాది. నేను చూసినా!"

చూశాడు. మొట్టమొదటిసారి నన్నొక మనిషిని చూసినట్టు చూశాడు. అవ్వ మజ్జిగ పోస్తోంది. గరిటె ఆగలేదు. నా వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

మరుసటి ఆదివారం బావ ఒక్కడే వచ్చాడు, భుజాన ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన రెండు గొట్టాల తుపాకి వేసుకొని. వాళ్ళ ఆఫీసరుకి జింక మాంసమంటే ప్రాణమట. తీసుకెళ్ళి ఇస్తే తనకి రాబోతున్న బదిలీ ఆగిపోతుందట. ఇంకొకరైతే ఈ మాట దాచుకుంటారు. ఈయన కాలు మీద కాలేసుకొని చెప్పాడు. "తల్లి దొరికితే తల్లి. పిల్ల దొరికితే ఇంకా మేలు, లేతగా ఉంటాది."

అమ్మ తలుపు చాటు నుంచి, "కొండమీద సామి పెండ్లాడిన వల్లెమ్మని కన్న జాతి గదయ్యా అది. తణిక కొండ కింద ఉండుకోని..." అని ఆగిపోయింది.

"అదంతా కథ అత్తా. కథలో జింకని నేను కొడతానన్నానా?" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. మా నాయన గోడకి తగిలించిన కొడవలిని దించి, ఊరికే చూసి, మళ్ళీ తగిలించాడు. కొత్తల్లుడికి వద్దని చెప్పే మామ ఆ రోజుల్లో మా వైపు ఎవరూ లేరు.

అప్పుడు అవ్వ లేచింది. "నేను తోడుకోని పోతా, రాండి నాయినా. చదువుకున్నోళ్ళు మీరు, ముల్లు గుచ్చుకుంటే పావం." నన్ను కూడా రమ్మంది. ఊట దారి అవ్వకి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు? నేను వాగిన మాటకి ఆ తల్లీ పిల్లా చావబోతున్నాయి, దాన్ని నేను నా కళ్ళతో చూడబోతున్నాను అనుకున్నాను.

వంక దాటాక ఎడమచేతికి తిరగాలి. అవ్వ కుడిచేతికి తిరిగింది. ఇంకో దారి కూడా ఉందేమో అనుకొని వెనకాలే నడిచాను.

బావ అడవిలోకి పెళ్ళివారి పందిట్లోకి వచ్చినట్టు వచ్చాడు. తలకి వాసన నూనె, నోట్లో సినిమా పాట ఈల. ఆయన రాకముందే పిట్టలన్నీ నోళ్ళు మూసుకున్నాయి. నల్లగా మెరుస్తున్న జింక పెంటికల మీద బూటు పెట్టి, "మేకలు గూడా మేస్తా ఉండాయే. మేకలు తిరిగే చోట జింకలేడివి?" అన్నాడు. "నిజమే నాయినా, మేకలే," అంది అవ్వ. మగజింక కొమ్ములు రుద్ది బెరడు ఊడగొట్టిన మద్ది మానుని చూసి, ఎవడో గొడ్డలితో చెక్కినాడన్నాడు. "ఎవడో ఎదవ," అంది అవ్వ. ఆయన ఏమన్నా అవ్వ అవునంది. అంత మెత్తగా, అంత మర్యాదగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

కొంత దూరం పోయాక ఒక పెద్ద పాల చెట్టు వచ్చింది. బావ వేరు మీద కూర్చొని, పసుపు ఫిల్టరు ఉన్న సిగరెట్టు తాగి, పీకని బూటుతో నలిపాడు. మళ్ళీ బయలుదేరాం. ఎండిన వాగులో దిగాం, ఎక్కాం, తీగెల గుబురులో వంగి దూరాం. ఇంకో పెద్ద పాల చెట్టు. బావ మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ తాగాడు. "చెట్లన్నీ ఒకే మాదిరి ఉండాయే అవ్వా. దీనికేనా జనం అడివి అడివి అని కొట్టుకునేది?" మళ్ళీ వాగు, మళ్ళీ గుబురు. ఆయన చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. మళ్ళీ ఒక పాల చెట్టు.

ఈసారి కూర్చోబోతూ బావ కిందికి చూశాడు. వేరు పక్కన రెండు పసుపు ఫిల్టరు పీకలు.

"అవ్వా! ఈడ ఎవురో నా సిగరెట్టే తాగినారే!"

"మీ మాదిరి దొరలు వస్తా పోతా ఉంటారు నాయినా," అంది అవ్వ.

బావ ముఖం వెలిగిపోయింది. "చూసినావా మరి! మంచి సరుకు తాగేవాళ్ళు గూడా ఈడికి వస్తా ఉండారు." అని మూడోది వెలిగించాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఒకటే చెట్టు. పొద్దున్నుంచి అవ్వ ఒకే చెట్టు చుట్టూ ఆయన్ని గానుగెద్దులా తిప్పుతోంది. నవ్వు గొంతు దాకా వచ్చేసింది, పావడా అంచు పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

ఆ క్షణంలోనే, బావ వీపు వెనక, పది బారల దూరంలో ఆకుల నీడ కదిలింది. జింక. దాని కడుపు కింద నుంచి పిల్ల తల. అవి అక్కడికి వస్తాయని అవ్వ కూడా అనుకోలేదు. ఆమె చెయ్యి నా మోచెయ్యిని పట్టుకున్న పట్టులో అది తెలిసింది. తుపాకి బావ మోకాళ్ళ మీద ఉంది, గుండు ఎక్కించి ఉంది.

సరిగ్గా అప్పుడే బావ నా వైపు తిరిగి, "ఏమ్మే, యాడ నీ జింక? కలలో చూసినావా? అబద్ధాల మూట," అన్నాడు.

నేను చెయ్యెత్తి చూపిస్తే చాలు. నేను అబద్ధాలకోరుని కాదని ఇప్పుడే తేలిపోతుంది. పదేళ్ళ పిల్లకి ఆ మాట పడడం ఎంత కష్టమో మీకు తెలీదు. నేను తల వంచి ఆయన బూట్లనే చూశాను.

"కలలోనే చూసినట్టుండాది బావా."

జింక ఒక్కసారి పదునుగా అరిచి, పిల్లతో సహా ఆకుల్లో కలిసిపోయింది. "ఏంది, కుక్కా?" అన్నాడు బావ. "ఊరకుక్క నాయినా," అంది అవ్వ.

సాయంత్రం రైలుకి బావ రెండు నాటుకోళ్ళు సంచిలో పెట్టుకొని పోయాడు. బదిలీ ఆగిందో లేదో నాకు గుర్తులేదు, గుర్తుపెట్టుకోవలసినంత సంగతీ కాదు. ముసలితనం దాకా ప్రతి పెళ్ళిలోనూ, "ఆ అడివంతా ఈ కాళ్ళతో కొలిచినా, ఏమీ లేదు, మా మరదలి కల జింక తప్ప," అని చెప్పి నవ్వించేవాడు. ఆయన కొలిచింది మన పెరడంత. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. వేరే కారణానికి.

కథ ఇక్కడితో ఆగిపోతే నాకు బాగుండేది.

మర్నాడు పొద్దున అవ్వ అరుగు మీద విస్తళ్ళు కుడుతోంది. నేను పక్కన చేరాను. జింకని కాపాడింది నేనేనన్న గర్వం ఒళ్ళంతా ఉంది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను. మెచ్చుకోలేదు, ముందు వాగినందుకు తిట్టనూ లేదు. పుల్ల విరుస్తూ, "ఒగే చెట్టని యాడ కనుక్కున్నావు మే?" అని అడిగింది.

సిగరెట్టు పీకలు చూసేదాకా నాకు తెలీదు. రెండోసారి వచ్చినప్పుడు కూడా అది ఇంకో చెట్టే అనుకున్నాను. కానీ ఆ మాట ఎట్లా చెప్పను? "మొదటి చుట్టులోనే తెలిసిపోయె అవ్వా," అన్నాను.

అవ్వ నవ్వింది. "అవునా తల్లీ. మీకు తెలీనిది ఏముంటాది?" అంది.

ఆ గొంతు నేను నిన్ననే విన్నాను. దొరలు వస్తా పోతా ఉంటారు అన్న గొంతు అది. అంతే మెత్తన, అంతే మర్యాద. పుట్టినప్పట్నుంచీ నన్ను 'మే' అని పిలిచిన మనిషి ఇప్పుడు 'మీకు' అంది. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాను. చుట్టూ తిరిగాను. ఒక వైపు మాను మొదట్లో చీమలపుట్ట, ఒక వైపు ఊయలలా వేలాడే తీగె, ఇంకో వైపు ఎప్పుడో కొమ్మ విరిగిన పెద్ద మచ్చ. ఇన్ని ఉండగా నేను బావ చూసినట్టే చూశానన్నమాట. బూట్లు లేవు, అంతే తేడా.

అవ్వ మళ్ళీ నన్ను అడవికి పిలవడానికి దీపావళి దాటింది. ఊట దగ్గరికి కాదు, వంక ఒడ్డు దాకానే. ఒక చిన్న మొక్క చూపించి ఇదేందని అడిగింది. నోటికొచ్చిన పేరు చెప్పబోయి మింగేసి, "తెలీదవ్వా," అన్నాను. ఆమె అక్కడే చతికిలబడి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఇది చూడు మే," అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పింది.

ఇప్పుడు మీరు అంత దూరం నుంచి ఫోన్లో ఫోటో పంపి, అవ్వా ఇదేం చెట్టు అని అడుగుతారు. అవ్వకి అన్నీ తెలుసని మీ నమ్మకం. ఏదో ఒక పేరు నాలుక చివరకి వస్తుంది కూడా. అంతలో ఆ మెత్తని గొంతు వినిపిస్తుంది. తెలీదమ్మా, చుట్టూ తిరిగి ఇంకో రెండు వైపుల నుంచి తీసి పంపండి అని రాస్తాను. ఇంతవరకు ఒక్కరూ పంపలేదు. అయినా ప్రతిసారీ నేను అదే రాస్తాను.