ఆదివారాలు అప్పగించిన అత్తగారు

పోయిన నెలలో ఒక పొద్దున మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, అమ్మమ్మ చనిపోయింది" అంది. అప్పుడు నేను కృత్తివెన్నులో మా రొయ్యల చెరువు గట్టున ఉన్నాను. బందరు మీదుగా చల్లపల్లి చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు. చుట్టాల్లో ఒకాయన నన్ను చూసి, "ఈయనకి మైల ఉంటుందంటావా?" అని పక్కాయన్ని అడిగాడు. ఆవిడ కూతురికీ నాకూ విడాకులై నాలుగేళ్లయింది. ఆవిడను మాత్రం నేను ఇప్పటికీ అత్తగారనే అంటాను.

అల్లుడిగా ఉన్నన్నాళ్లూ ఆవిడ నా ఎదుట కూర్చోలేదు. మా వైపు రైతుల ఇళ్లలో పాతకాలం అత్తగార్లకు అదొక పద్ధతి. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి కూతురితో చెప్పించేవారు. ఆవిడ మొహం నేను సరిగ్గా చూసింది బందరు కోర్టు వరండాలో. పాప తల్లి దగ్గరే ఉండాలని, ఆదివారం పగటిపూట నేను తీసుకెళ్లవచ్చని ఆ రోజు తీర్పు వచ్చింది.

మొదటి ఆదివారం పెద్ద బొమ్మ, చాక్లెట్లు పట్టుకుని చల్లపల్లిలో అత్తగారింటికి వెళ్లాను. పాప అమ్మమ్మ కొంగు వదల్లేదు, రానని ఏడ్చింది. వాళ్లమ్మ లోపల గది తలుపు వేసుకుంది. తర్వాతి వారమూ అంతే. కోర్టు ఇచ్చిన ఆదివారాన్ని పాప ఇవ్వకపోతే ఇంకెవరిని అడగాలి? ఇక రాకూడదనుకుని లేచాను.

అప్పుడు అత్తగారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"కూర్చో అబ్బాయ్. ఇప్పుడు నువ్వు నా అల్లుడివి కాదుగా, నాకింక మొహమాటం దేనికి? బొమ్మలు పట్టుకొచ్చేవాడు చుట్టం. చుట్టం వెనకాల పిల్ల ఎందుకొస్తది?"

"మరేం చేయమంటారండీ?"

"దాని గోళ్లు చూడు, ఎట్టా పెరిగాయో. తియ్యి."

ఆ వేళ గోళ్లు తీశాను. మరో వారం జడ వెయ్యమన్నారు. వేశాక వెనక్కి తిప్పి చూసి, "ఏంటయ్యా ఇది, జడా? చిరిగిన వలకి ముడేసినట్టుంది!" అన్నారు. పాప పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నా దగ్గర అది నవ్వడం అదే మొదలు. అలా ప్రతి ఆదివారం నాకొక పని ఉండేది. చెప్పులు బిగువయ్యాయనో, పన్ను ఊగుతోందనో, ఎక్కాలు రావడం లేదనో. కొన్నాళ్లకి పాప నా బండి చప్పుడు వినగానే వీధిలోకి వచ్చేసేది.

ఆ ఇంట్లో నాకు భోజనం మాత్రం పెట్టలేదు. "పెడితే మా పిల్ల నొచ్చుకుంటది. మీరిద్దరూ బయట తినండి" అనేవారు. నేనొకసారి పాప తల్లి గురించి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "దాని మాట నా దగ్గర ఎత్తకు. నీ మాట దాన్నీ నేను ఎత్తనివ్వట్లేదు."

నాలాగా వారానికొకసారి పిల్లలను చూసుకునేవాళ్లు మీలోనూ ఉంటారు. అలాంటివాళ్లకు ఆవిడ మాట ఒకటి చెప్పాలి. వాళ్లిద్దర్నీ మళ్లీ కలపాలని చూస్తున్నావా అని పక్కింటావిడ అత్తగారిని అడిగితే, "చెడింది మొగుడూ పెళ్లాల కాపురం. తండ్రీ కూతుళ్లదేం చెడలేదుగా" అన్నారు.

దినాలు అయిపోయాక వచ్చిన ఆదివారం చల్లపల్లి వెళ్లాను. పాపను నాకు అప్పగించేది ఎప్పుడూ ఆవిడే. ఇప్పుడు ఎవరిని పిలవాలో తెలియక బండి రోడ్డు మీదే ఆపాను. కాసేపటికి పాపను తీసుకుని వాళ్లమ్మే వచ్చింది. కోర్టు తర్వాత మేం మాట్లాడుకున్నది లేదు.

"దానికి హెల్మెట్ లేదా?" అంది.

"కొంటాను, ఇవాళే."

"కొనండి. సాయంత్రం మరీ అంత తొందరేం లేదు, చీకటి పడకుండా తీసుకొస్తే చాలు. వచ్చే వారం నాకు గుడివాడలో పనుంది, కాస్త ముందే రండి."

తలూపి బండి స్టార్ట్ చేశాను. కాలవ మలుపు దగ్గర అద్దంలో చూస్తే ఆమె ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉంది. పాప వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపుతుంటే బండి అటూ ఇటూ ఊగింది.