బాబాయి తియ్యని పాత డిస్కు

బాబాయి పోయారన్న కబురు నాకు బడిలో అందింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. డుంబ్రిగుడ నుంచి, ఆయన షాపు పక్కన కిరాణా కొట్టాయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ బాబాయి షాపులోనే కూలబడిపోనాడు. ఆస్పత్రికి తీసుకెల్తంటే దార్లోనే..." అని ఆగిపోయాడు. నేను ఫోన్ దించాక కూడా పిల్లలు ఏడో ఎక్కం చెబుతూనే ఉన్నారు. ఆపమనలేదు. ఆపేస్తే ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఆయన నాకు చుట్టం కారు. అరకులో కాలేజీకి బస్సు దొరుకుతుందని మా కొండ మీది ఊరు దిగి డుంబ్రిగుడలో గది తీసుకున్నాను. పక్క వాటాలో ఆయనా, ఆయన భార్యా ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చి, బస్సులు ఆగే చోట రీఛార్జిలూ జెరాక్సులతో మొదలుపెట్టి, కంప్యూటర్ రిపేర్లలో కుదురుకున్న మనిషి. నేను సామాను దించుకుంటుంటే గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏటే గుంటా, అన్నం తిన్నావేటి?" అన్నారు. తినలేదన్నాను. ఆ పూట నుంచి ఆయన బాబాయి, ఆవిడ పిన్ని.

సెలవు రోజుల్లో ఆ షాపులో కూర్చునేదాన్ని. పని నేర్పుతానని ఆయన అనలేదు, నేర్చుకుంటానని నేనూ అనలేదు. విప్పిన మరలు సోడా మూతలో వేసి నా చేతికిచ్చేవారు. పాలు లేని టీ చల్లారిపోయేదాకా మరిచిపోయి, గుర్తొచ్చాక ఒక్క గుక్కలో తాగి మొహం చిట్లించేవారు. ఉద్యోగం పరీక్ష కంప్యూటర్ మీద రాయాలంటే వణికిపోయిన నన్ను ఆ బల్ల ముందే కూర్చోబెట్టి, "పామా అది, కరిసీడానికి?" అంటూ మౌస్ పట్టించారు. ఇవాళ నేను టీచర్ని అయ్యానంటే అందులో ఆ బల్లకి వాటా ఉంది.

ఓ సంత రోజు సచివాలయం ఉద్యోగి ఒకాయన నత్తనడక నడుస్తున్న కంప్యూటర్ తెచ్చాడు. అందులో వేగంగా నడిచే కొత్త డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ, బిగించాం. విండోస్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, ఎందులో ఎక్కించాలో అడిగే చోట కొత్త డ్రైవ్ పేరే కనపడలేదు. డ్రైవ్ చచ్చిందన్నాను. అమ్మినవాడు దగా చేశాడన్నాను. నాకు నోరు కొంచెం ముందు నడుస్తుంది. బాబాయి కేబుల్ తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ నొక్కారు. పేరు వచ్చింది. "ముందు వైరు సూడు. తలరాత సంగతి తర్వాత సూద్దాం" అన్నారు. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో. బడిలో పిల్లాడు పాఠం అప్పజెప్పకపోతే, వాడు పొద్దున్న ఏమైనా తిన్నాడో లేదో ముందు అడుగుతాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి కోపం వచ్చేది. కొత్త డ్రైవ్‌లో విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకి పక్కన పెట్టాల్సిందే. రెండూ తగిలించి ఉంచితే, కంప్యూటర్‌ని నిద్రలేపే చిన్న ప్రోగ్రాం ముక్క ఒక్కోసారి వెళ్లి పాతదాంట్లో కూర్చుంటుంది. ఆ పూటకి అంతా బాగానే నడుస్తుంది. పాతది తీసేసిన రోజున కొత్తది లేవదు. నేను ఒకసారి పీకడం మరిచిపోతే మొత్తం మళ్లీ చేయించారు. "కొత్త కోడలికి కాపరం అప్పజెప్పీసి, తాళాలు అత్త కొంగుకే కట్టీసినట్టుంటాది" అన్నారు.

ఊరందరికీ కొత్త డ్రైవ్‌లు బిగించిన ఆయన, తన కంప్యూటర్ జోలికి మాత్రం పోలేదు. స్విచ్ వేసి టీ తాగి వచ్చినా అది ఇంకా లేస్తూనే ఉండేది. "మీది ఎడ్లబండి బాబాయ్" అని వేళాకోళం చేసేదాన్ని. "నడస్తంది కదే" అనేవారు. సంగతి పిన్ని చెప్పింది. వాళ్లకో పాప ఉండేదట. నేను రాకముందే, వానాకాలంలో జ్వరం వస్తే ఆస్పత్రికని కిందికి తీసుకెళ్తుండగా ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి బండి ఆగిపోయింది. పాప దక్కలేదు. పాప ఆడుకుంటున్న వీడియో ఒక్కటి ఆ కంప్యూటర్లో ఉంది. అందరికీ రెండేసి కాపీలు దాచుకోమని చెప్పే మనిషి ఆ ఒక్కదాన్ని తెరవడానికే భయపడేవారు. "ఆయన తట్టుకోనేడమ్మా. అందుకే నాను అడగను" అంది పిన్ని.

పెద్దకర్మ అయ్యాక పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఇంక తట్టుకోనేక బాధపడీవోడే లేడు కదమ్మా. ఒక్కపాలి పాపని సూత్తాను. పెట్టు" అంది.

మర్నాడు పొద్దున్నే షాపు తెరిచాం. పిన్ని స్టూలు మీద కూర్చుంది. స్విచ్ వేశాను. పెట్టె లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. వెంటనే ఆపేశాను. అలా కొట్టుకుంటున్న డిస్కుని ఊరికే లేపకూడదని ఆయనే చెప్పేవారు, అది ఎప్పుడు ఆఖరిసారి తిరుగుతుందో తెలియదు. మూత విప్పితే పాత డిస్కు పక్కనే కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి ఉంది. ఎప్పుడు పెట్టుకున్నారో నాకు చెప్పనైనా లేదు. హమ్మయ్య అనుకుని పాతదాని కేబుల్ పీకి, కొత్తదాంతోనే లేపుదామని చూశాను.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. లేవడానికి డిస్కు ఏదీ లేదంది. ముందు వైరు చూశాను. ఊదాను, నొక్కాను, మార్చాను. సెట్టింగుల్లోకి వెళ్తే కొత్త డ్రైవ్ పేరు చక్కగా కనబడుతోంది. మరి లేవదేం? మళ్లీ విండోస్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను. ఎక్కించాలంటే కొత్తదాన్ని తుడిచెయ్యాలి. ఒకవేళ ఆయన పాపని అందులోకి మార్చి ఉంటేనో?

అప్పుడు అర్థమైంది. విండోస్ ఎక్కించేటప్పుడు బాబాయి పాత డిస్కు కేబుల్ పీకలేదు. ఆ తాళాలు అత్త కొంగుకే ఉండిపోయాయి. మరిచిపోయి ఉంటారని ఎవరన్నా అంటే నేను నమ్మను. ఊరందరి దగ్గరా పీకించిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి పాప ఉన్నదాన్ని అరగంటసేపు కూడా పక్కన పెట్టలేకపోయారు. ఆ బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. ఆయన పోయిన రోజు రాని ఏడుపు అది.

"ఏటైందమ్మా? పోయిందా?" అంది పిన్ని.

"లేదు పిన్నీ. బాబాయి పాతదాని వైరు తియ్యలేదు."

"తియ్యడు" అంది పిన్ని, ఎప్పుడో తెలిసినట్టు.

పాత డిస్కు మళ్లీ తగిలించాను. ఇంక దాన్ని నమ్మడం తప్ప దారి లేదు. టిక్కు టిక్కుమంది, ఆగింది, మళ్లీ అంది. తెర మీద వెలుగొచ్చింది. వీడియో పాతదాంట్లోనే ఉంది. ముందు కొత్తదాంట్లోకీ, నా పెన్‌డ్రైవ్‌లోకీ కాపీ చేశాకే పెట్టాను.

పాప ఇదే బల్ల మీద కూర్చుని మౌస్ వైరు కొరుకుతోంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతలో కెమెరా వెనక నుంచి బాబాయి గొంతు: "ఏటి సేత్తన్నావే గుంటా? వైరు తినీసినావంటే మీ నాన్న బతుకెలాగే?" పాప నవ్వింది. పక్క నుంచి ఆయన చెయ్యి వచ్చి, వైరు మెల్లగా లాగి, పాప గడ్డం తుడిచింది.

పాపని చూడ్డానికి వచ్చిన పిన్ని, ఆయన గొంతు వింటానని అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"అక్కడ ఆపమ్మా" అంది.

పాప గడ్డం మీద బాబాయి చెయ్యి ఉన్నచోట ఆపాను. నేను బయటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, ఏనాడూ కంప్యూటర్ ముట్టుకోని పిన్ని మౌస్ మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. తెర ఆరిపోయినప్పుడల్లా మౌస్‌ని కొంచెం కదుపుతోంది. పాప గడ్డం మీద బాబాయి చెయ్యి మళ్లీ వస్తోంది.