గబ్బిలాల గురించి నేను చెప్పని సగం

ఆ రోజు మా ఊరి చర్చి సంఘ పెద్ద నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఈ గబ్బిలాయిల నుంచి జబ్బు వస్తాదా, రాదా పాపా? అది చెప్పు, చాలు."

కడపలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఉద్యోగంలో చేరకముందు నాలుగేళ్లు గబ్బిలాల మీదే పరిశోధన చేశాను. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి మా ఊళ్లో నేనొక్కదాన్నే. తెలిసి కూడా సగమే చెప్పాను. ఏళ్లు గడిచినా ఆ ఉదయం నా మనసులో నుంచి పోలేదు.

మా ఊరు కమలాపురానికి దగ్గర. ఊరి మధ్యలో నాపరాళ్లతో కట్టిన పాత చర్చి ఉంది. మేం దాన్ని గుడి అనే అంటాం. లోపల చెక్కల కప్పు, దాని మీద పెంకులు. ఆ రెండింటి మధ్య జానెడు సందుల్లో గబ్బిలాలు ఉండేవి. పళ్లు తినే పెద్దవి కాదు, పురుగులు తినే చిన్న జాతి. ఎన్ని తరాలుగా ఉన్నాయో ఎవరికీ తెలియదు. ప్రార్థన మధ్యలో పైనుంచి కిచకిచలు వినిపిస్తే పిల్లలు తలెత్తి చూసేవాళ్లు, పెద్దవాళ్లు కళ్లు మూసుకునే ఉండేవాళ్లు.

గుడి తాళంచెవి మా పెద్దమ్మ దగ్గర ఉండేది. అమ్మకు అక్క ఆమె. పెదనాయన పోయినప్పటి నుంచి గుడి ఊడ్చే పని, ఆదివారం గంట కొట్టే పని ఆమెవే. రోజూ పొద్దున గబ్బిలాల పెంటను చీపురుతో ఒక మూలకు చేర్చి, గోనెసంచిలో నింపి, తన అరెకరం వేరుశనగ చేనుకు మోసుకుపోయేది. "నా చేనుకు ఎరువు పైనుంచి రాలతాది" అని నవ్వేది.

పరిశోధన రోజుల్లో గబ్బిలాలు ఎక్కడ దొరుకుతాయని వెతుక్కునే పని నాకు లేకపోయింది. సాయంత్రం గుడి కిటికీకి సన్నటి వల కట్టేదాన్ని. వలలో పడిన గబ్బిలాన్ని చేతితొడుగులతో జాగ్రత్తగా విడిపిస్తే, పెద్దమ్మ గుడ్డసంచి పట్టుకుని నిలబడేది. రెక్క చివర జొన్నగింజంత తోలు ముక్క తీసుకుని, స్పిరిట్ పోసిన చిన్న గాజు గొట్టంలో వేసి, గబ్బిలాన్ని వదిలేసేదాన్ని.

"నొప్పి కాదా పాపా దానికి?" అని అడిగింది మొదటి రోజు.

"రోంత అవుతాది పెద్దమ్మా. కొన్ని వారాల్లో ఆ బొక్క మూసుకుపోతాది."

"అంత తోలులో నీకేం కనపడతాది?"

"దాని అమ్మ వరస, అమ్మమ్మ వరస తెలుస్తాది. ఈ జాతి ఎప్పుడు యాడ విడిపోయి వేరే జాతి అయిందో కూడా తెలుస్తాది."

పెద్దమ్మ సంచి మూతి బిగించి పట్టుకుంది. "మనకు మన ముత్తవ్వ పేరే తెలీదు. దానికి చూడు, రెక్కలోనే రాసి ఉండాది."

ఆమె ఊరికే వినేది కాదు, విన్నదాన్ని తన మాటల్లోకి తిప్పుకుని చూసుకునేది. నేను ఏం చదివినా ఊరికి పోయినప్పుడు ఆమెకు చెప్పాలనిపించేది. గబ్బిలాలు వైరస్‌లను ఎలా తట్టుకుంటాయన్న సంగతి నా పరిశోధన అయిపోయిన చాలా ఏళ్లకు పత్రికల్లో చదివాను. ఒక మధ్యాహ్నం ఆమె సంగటి కెలుకుతుంటే పొయ్యి పక్కన కూర్చుని చెప్పాను. పాలిచ్చే జంతువుల్లో నిజంగా ఎగిరేది గబ్బిలం ఒక్కటే. ఎగిరేటప్పుడు దాని ఒళ్లు ఎంత శ్రమపడుతుందంటే, కణాల్లోని జన్యుదారాలు అక్కడక్కడా తెగుతాయి. వేరే జంతువుల ఒంట్లో అయితే అలాంటి ముక్కలు కనపడగానే శత్రువు వచ్చాడని పెద్ద గోల లేస్తుంది. వాపు, జ్వరం అన్నీ ఆ గోల వల్లే. ఎగిరిన ప్రతిసారీ అట్లా గోల లేస్తే గబ్బిలం బతకదు. అందుకని కోట్ల ఏళ్లలో వాటి జన్యువుల్లో మార్పులు వచ్చి, ఆ గోల కొంత తగ్గింది. వైరస్ వచ్చినా అంతే. మరీ పెరగనివ్వవు, అట్లాగని తమ ఒంటిని తామే పాడుచేసుకోవు. ఇంత చిన్న ప్రాణి ఎలుక కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం బతకడానికి కూడా ఇదొక కారణం కావచ్చని అంటారు.

పెద్దమ్మ తెడ్డు ఆపి, "అంటే జబ్బు వస్తే మన ఒళ్లు ఊరంతా లేపేట్టు కేకలేస్తాది. వాటి ఒళ్లు నిదానంగా వాకిలి మూసుకుంటాది. అంతేనా?" అంది.

అంతే. ఆ మాటే నేను ఆ తర్వాత క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, ఎవరిదో చెప్పకుండా.

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం. మా కాలేజీ మూతపడింది. కడపలో మేముండే వీధికి ఆ వారమే కట్టెలు అడ్డం కట్టారు. అమ్మకు బీపీ మాత్రలు అయిపోయాయంటే, అనుమతి కాగితం తీసుకుని ఒక ఉదయం ఊరికి పోయాను. తొమ్మిది లోపల తిరిగి బయల్దేరాలి. మాత్రలిచ్చి, వాకిట్లో నుంచే అమ్మను పలకరించి కారు దగ్గరికి వస్తుంటే, గుడి ముందర సంఘ పెద్దలు నలుగురు ఎడంఎడంగా నిలబడి ఉన్నారు. మూతులకు తువ్వాళ్లు కట్టుకున్నారు. అందులో పెద్దాయన నాకు చిన్నాయన వరస అవుతాడు. ఆయనే పిలిచాడు.

"టీవీలో పొద్దస్తమానం గబ్బిలాయిలనే చూపిస్తాండారు. మన గుడి నిండా అవే ఉండాయి. రేపు గుడి తెరిస్తే జనం వాటి కిందనే కూచోవాల. ఈ గబ్బిలాయిల నుంచి జబ్బు వస్తాదా, రాదా పాపా? అది చెప్పు, చాలు."

క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాను. "గబ్బిలాల్లో శానా రకాల వైరస్‌లు ఉంటాయి చిన్నాయనా. ఈ జబ్బు వైరస్‌కు దగ్గర చుట్టాల్లాంటివి కూడా కొన్ని గబ్బిలాల్లో దొరికినాయి."

నలుగురి కళ్లూ గుడి కప్పు వైపు తిరిగాయి. మిగిలిన సగం నేను అప్పుడే చెప్పాల్సింది. ఆ వైరస్‌లు దొరికింది వేరే దేశంలో, వేరే జాతి గబ్బిలాల్లో. ఈ జబ్బు ఇప్పుడు మనిషి నుంచి మనిషికి పాకుతోంది, గుడి కప్పులో నుంచి కాదు. మన గబ్బిలాలను ముట్టుకోకుండా వాటి మానాన వాటిని వదిలేయడమే అన్నిటికన్నా క్షేమం. తోలడానికి పోతేనే అవి చెదిరి, కింద పడి, మనుషుల చేతుల్లోకి వస్తాయి. ఇంకొక్క సంగతి కూడా ఉంది: అది పిల్లల కాలం. ఒక్కో తల్లి ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

"అయితే తోలేయమంటావా?" అన్నాడు చిన్నాయన.

"నేనెట్ల చెప్తాను చిన్నాయనా? పెద్దోళ్లు మీరు. మీకెట్ల తోస్తే అట్ల చేయండి."

తొమ్మిదవుతోంది కాబట్టి తొందరలో అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. నేను భయపడ్డాను. ఉండనివ్వండి అని నేనంటే, రేపు ఊళ్లో ఎవరికైనా దగ్గు వస్తే, లెక్చరరమ్మ చెప్పింది కాబట్టే ఉంచుకున్నాం అంటారు. అమ్మ ఆ ఊళ్లోనే ఉండాలి. ఆ మాట నా మీదికి రాకూడదనుకున్నాను. కారెక్కి వచ్చేశాను.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు పెద్దమ్మ ఫోన్ చేసింది. రొప్పుతోంది, మధ్యలో దగ్గుతోంది.

"పాపా, గుడిలో పొగ పెట్టినాము. పెద్దవి ఎగిరిపోయినాయి. ఎండకు యాడికి పోవాలో తెలీక గుడి చుట్టూ తిరగతాండాయి. కాకులు పడినాయి వాటి మింద. పిల్లలు కింద రాలతాండాయి. ఏం చేయాల? బిన్నా చెప్పు."

"ఎవరు పెట్టినారు పెద్దమ్మా పొగ?"

"నేనే. తాళంచెవి నాకాడ ఉండాది గదా. వేపాకు, ఎండు మిరపకాయలు ఏసి పెట్టమన్నారు. నేను వద్దంటే, మీ పాపే చెప్పింది వాటిలో జబ్బు ఉందని, అన్నారు. నువ్వు చెప్పినావంటే సరే అని పెట్టినా."

నేను అట్లా చెప్పలేదు అనబోయి ఆగిపోయాను. చెప్పిందీ నేనే, చెప్పనిదీ నేనే.

"నిప్పు ఆర్పేయి. తలుపులు, కిటికీలు అన్నీ తీసిపెట్టు. పిల్లల్ని ఉత్త చేత్తో ముట్టుకోవద్దు పెద్దమ్మా, మందం గుడ్డతో తీయి. నీడ పట్టున, ఎత్తుగా గోనెసంచి వేలాడదీసి దానికి పట్టించు. సాయంత్రం తల్లులు వస్తే తీసుకుపోతాయి. కప్పు సందులు మాత్రం మూయనీయొద్దు."

"మూస్తామంటాండారు పాపా. మేస్త్రీని పిలిచినారు. నువ్వొక మాట చెప్పు మీ చిన్నాయనకు."

"ఫోన్ చేస్తాను" అన్నాను.

చిన్నాయన నంబరు నా ఫోన్‌లో ఉంది. తీసి చూసుకుంటూ కూర్చున్నాను. మొన్న ఎదురుగా నిలబడి చెప్పని మనిషిని ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి? ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలి? భోజనమయ్యాక చేద్దామనుకున్నాను. ఎండ తగ్గాక చేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున చేశాను. ఆయన మామూలుగానే మాట్లాడాడు. "సిమెంటు పూయించేసినాం పాపా, నిన్న మాపే. ఇంక ఒక్కటి గూడా దూరదు" అన్నాడు సంతోషంగా. నేను మంచిది చిన్నాయనా అని పెట్టేశాను.

రోడ్లు తెరిచాక ఊరికి పోయాను. పెద్దమ్మ వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. నేనడక్కుండానే చెప్పింది. ముప్పైకి పైనే పిల్లలు దొరికాయట. తన పాత కోకను నాలుగు మడతలు వేసి ఒక్కొక్కదాన్నే తీసి, గుడి వెనక గోడకు వేలాడదీసిన గోనెకు పట్టించింది. పొద్దుగూకే వేళ కొన్ని తల్లులు వచ్చాయి. గోడ చుట్టూ తిరిగి, కొన్ని తమ పిల్లల్ని పొట్టకు అంటించుకుని ఎగిరిపోయాయి. చాలా తల్లులు రానే లేదు. మిగిలిన పిల్లలు మర్నాడు మధ్యాహ్నానికి చనిపోయాయి. చేను గట్టున గుంత తీసి పూడ్చిందట.

"ఇంత ఉండాయి పాపా" అని బొటనవేలు చూపించింది. "ఒంటి మీద నూగు గూడా సరిగ్గా లేదు."

చాటలో రాళ్లు ఏరి పారేసింది. తర్వాత అడిగింది.

"ఎండాకాలంలో వాటికి పిల్లలుంటాయని నీకు తెలుసు గదా?"

"తెలుసు పెద్దమ్మా."

"మీ చిన్నాయనకు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ఆ పొద్దు మూయొద్దని ఫోన్ చేసినావా?"

"మర్నాడు చేసినా."

ఆమె ఊఁ అంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు బాగుండేది. బియ్యం కొలిచి లోపలికి తీసుకుపోయి, "అన్నం తినిపో" అంది.

మరుసటి సంవత్సరం, ఆరాధనలు మామూలుగా జరగడం మొదలయ్యాక, పాస్టరు అయ్యగారిని అడిగి ఒక ఆదివారం పది నిమిషాలు తీసుకున్నాను. ప్రసంగం అయ్యాక లేచి నిలబడి మొత్తం చెప్పాను. వైరస్‌ల సంగతి, వాటిని ఆ ప్రాణి ఒళ్లు ఎలా అదుపులో పెట్టుకుంటుందో, దాని గుణం మన మందులకు ఎలా దారి చూపవచ్చో, తోలితే ఏమవుతుందో, అన్నీ. ఆ రోజు ఇది చెప్పకపోవడం నా తప్పు అని కూడా అన్నాను. అందరూ మర్యాదగా విన్నారు. బయటికి వచ్చాక చిన్నాయన చెప్పులు వేసుకుంటూ, "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే పోయేది గదమ్మా. మాకేం వాటి మింద పగనా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

ఆ వారమే ఆయన మేస్త్రీని పిలిపించి వెనక వైపు రెండు సందులు తెరిపించాడు. గబ్బిలాలు రాలేదు. పిచ్చుకలు గూడు పెట్టాయి.

నిరుడు ఎర్రగుంట్ల దగ్గర పాడుపడిన నాపరాతి గనిలో గబ్బిలాలున్నాయని నా విద్యార్థులు చెబితే పోయి చూశాను. అదే జాతి. మా గుడివేనా అంటే చెప్పలేను. పాత తోలు ముక్కలు ఉంటే, వీటి జన్యువులతో పోల్చి ఇవి ఆ తల్లుల వరసలోవా కాదా అని చూడొచ్చు. నేను చదివిన విశ్వవిద్యాలయానికి రాశాను. ఆ గాజు గొట్టాలు ఎప్పుడో పారేశారని జవాబు వచ్చింది. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పాను. "యాడో ఒకచోట ఉండాయి గదా, ఉండనీలే" అంది, అంతకుమించి ఏమీ అడగలేదు.

ఆమె నాతో మామూలుగానే ఉంటుంది. పోయినప్పుడల్లా సంగటి పెడుతుంది, వచ్చేటప్పుడు తన చేలో పండిన చెనిక్కాయలు మూట కడుతుంది. కానీ ఇదివరకటిలా ఇది ఎందుకు పాపా, అది ఎట్ల పాపా అని అడగడం మానేసింది. మొన్న నేను పోయిన రోజే ఆమె ఆవుకు పొదుగు వాచింది. నేను అరుగు మీద కూర్చునే ఉన్నాను. పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, నన్ను దాటుకుని వీధిలోకి నడిచి, నాలుగిళ్ల అవతల గొర్రెలు మేపే ఆయన్ను ఏం చేయాలో అడిగి వచ్చింది.