అత్తమ్మ ఉగ్గుగిన్నె

మొన్న మా ఆయన భూపాలపల్లి మందుల దుకాణం నుంచి ముక్కు కడుక్కునే ప్లాస్టిక్ సీసా తెచ్చాడు. పడిశంతో మూలుగుతున్న అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేందిరా, పత్తికి మందు కొట్టే డబ్బా లెక్కున్నది. నా గిన్నె తెమ్మను" అంది. నేను నవ్వుకుంటూ అలమారలోంచి వెండి ఉగ్గుగిన్నె తీశాను. చంటిపిల్లలకు పాలు పోసే, చిన్న ముక్కున్న గిన్నె అది. నా పెళ్లి కుదరగానే తన కడియాలు కరిగించి, రాబోయే మనవడి కోసం అత్తమ్మ చేయించి పెట్టింది.

మనవడు రాలేదు. ఏళ్ల తరబడి గిన్నె అటక మీదే ఉండిపోయింది. మా ఇల్లు రోడ్డు పక్కన. ఇసుక లారీల దుమ్ముకు కిటికీలు తెరిచే యోగం లేదు. దసరాకు మూసుకుపోయిన నా ముక్కు ఉగాదికి గానీ తెరుచుకునేది కాదు. నుదుటి మీద సన్నికల్లు పెట్టినంత బరువు, నోటితోనే నిద్ర. వాడకట్టు ఆడవాళ్లు వాము మూట ఒకరు, మిరియాల చారు ఒకరు తెచ్చేవాళ్లు. వైద్యంతో పాటు "ఇంకా ఏం విశేషం లేదా?" అన్న ప్రశ్న కూడా తెచ్చేవాళ్లు. ఏం చెప్తాం! ముక్కూ, కిటికీలూ చాలనట్టు అప్పుడు నా నోరు కూడా మూసుకుపోయేది. ఆ ఇంట్లో నాకు నిజంగానే ఊపిరాడేది కాదు.

దవాఖానలో డాక్టరమ్మ, కాచి చల్లార్చిన నీళ్లలో కన్నీళ్లంత ఉప్పు కలిపి, ఒక ముక్కులో పోస్తే రెండో దాంట్లోంచి రావాలని చెప్పింది. గ్లాసుతో పోసుకుంటే జాకెట్టు తడిసింది. మరోసారి ఉప్పు మరిచిపోయాను. ఆ మంటకు తలప్రాణం తోకకొచ్చింది. కోపమో దుఃఖమో, గూడూరులోని అమ్మగారింటికి పోదామని సంచి సర్దుకున్నాను. "మళ్ల రాను" అని గోడకు చెప్పాను. గోడ అవతల అత్తమ్మ ఉంది.

ఆమె లోపలికి వచ్చింది. పీట ఎక్కి గిన్నె దించింది.

"అత్తమ్మా, అది పిల్లలకని పెట్టింది కదా!"

"వచ్చే పిల్లల సంగతి వచ్చినప్పుడు సూద్దాం. ముందుగాల ఇంట్ల ఉన్న పిల్లకు ఊపిరాడాలె."

డాక్టరమ్మ మాట చెప్పాను. ఉప్పు కలిపి, చుక్క నాలుక మీద వేసుకుని, "గంతే. కన్నీళ్ల ఉప్పు నాకు తెల్వదా?" అంది. తర్వాత నేల మీద కూర్చుని కాళ్లు బారజాపి, "రా, పండు" అంది. ఆ గిన్నెతో పోయడం ఆమెకు తెలిసింది అట్లాగే మరి! ఇంత మనిషిని, వెళ్లి ఆమె కాళ్ల మీద వెల్లకిలా పడుకున్నాను. నీళ్లు నేరుగా గొంతులోకి పోయి పొలమారింది. ఆమె కంగారుగా నన్ను లేపి, నడినెత్తిన ఉఫ్ ఉఫ్ అని ఊది, వీపు నిమిరింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వాం.

"నీ ముక్కు పాడుగాను! చంటిపిల్లవే అనుకున్న" అంది కళ్లు తుడుచుకుంటూ. ఈసారి బేసిన్ మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోరు తెరిచి ఉంచాను. రెండో ముక్కులోంచి సన్నటి ధార పడింది. చాలాసేపటికి పచ్చిపులుసులో ఉల్లిగడ్డ వాసన తగిలింది. ఎన్ని నెలలైందో ఆ వాసన తెలిసి! ఏడ్చేశాను. అత్తమ్మ అడగకుండానే సంచి విప్పి, నా చీరలు దండెం మీద వేసింది. ఆ తర్వాత విశేషం అడగడానికి వచ్చినవాళ్లకు గుమ్మంలోనే ఆమె జవాబు చెప్పేది.

ఇప్పుడు ఉప్పు నేను చూస్తున్నాను. బేసిన్ మీదికి వంగిన ఆమె నెరిసిన తల నా అరచేతిలో ఉంటుంది. పొలమారితే నడినెత్తిన నేను ఊదుతాను. ఎవరిని ఎవరికి బిడ్డను చేస్తుందో కాలం ముందుగా చెప్పదు.