ఏడు రోజుల్లోగా

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మేమున్న సందులో రోజంతా ఒకటే చప్పుడు, ఎక్కడో ఒక పాత ఇంటి గోడ మీద సమ్మెట పడుతున్న చప్పుడు. కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి పిల్లలు బస్సుల నిండా దిగుతున్న కాలం అది. వాళ్లకు గదులు కావాలి, తిండి కావాలి, జిరాక్సులు కావాలి. అందుకని పెరడూ జామచెట్టూ ఉన్న ఇళ్లు ఒక్కొక్కటే పోయి, వాటి చోట కింద కొట్లు, పైన ఫ్లాట్లు, ఆ పైన హాస్టళ్లు లేస్తున్నాయి. బడి నుంచి వచ్చేటప్పుడు మా మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. మా ఇల్లు అలాగే కనిపించాక వదిలేదాన్ని.

మా ఇల్లు అంటున్నాను గానీ, అది మాది కాదు. మా నాన్నగారు కోస్తా నుంచి వచ్చి పంజాగుట్టలో ఒక బట్టల షాపులో పనికి కుదిరారు. మేడ మీద రెండు గదుల్లో మేం కిరాయికి ఉండేవాళ్లం. కింద ఇంటి ఓనరు ఉండేవారు. భర్త పోయిన ముసలావిడ. ఉర్దూలో అమ్మమ్మ అని అర్థం వచ్చేలా సందంతా ఆవిడను నానీమా అని పిలిచేది. వీధివైపు వరండాను ఆవిడ మా అమ్మకు వాడుకోమని ఇచ్చారు. అక్కడ మా అమ్మ కర్రీ పాయింట్ నడిపేది. హాస్టలు పిల్లలు గదుల్లో అన్నం ఒక్కటీ వండుకుని, కూరా పప్పూ మా దగ్గర ప్యాకెట్లలో పట్టుకుపోయేవాళ్లు. సాయంత్రం దొండకాయ వేపుడు దించేసరికి మెట్ల దాకా వరస కట్టేవాళ్లు. మా ఉండడమూ మా తినడమూ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి.

ఆ ఏడాది నాకు పదకొండేళ్లు. మా దగ్గర్లో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. తర్వాత నేను పదో తరగతితో ఆగిపోయాను, కాబట్టి నాకు తెలిసినదంతా అక్కడ తెలుసుకున్నదే. కథలు అయిపోతే వంటల పుస్తకాలు, అవి కూడా అయిపోతే వ్యవసాయం పుస్తకాలు చదివేదాన్ని. దినపత్రికలో పెద్దవాళ్లు వదిలేసే చిన్న అక్షరాలను కూడా వదిలేదాన్ని కాదు. అలా ఒక మధ్యాహ్నం, కర్రకు గుచ్చిన పాత పేపర్లో, ఒక బహిరంగ ప్రకటనలో మా ఇంటి నంబరు కనిపించింది.

ఫలానా ఇంటిని పడగొట్టి ఫ్లాట్లు కట్టే డెవలప్‌మెంట్‌కు తీసుకోవాలని నిశ్చయించామనీ, దాని మీద ఎవరికైనా హక్కులు గానీ అభ్యంతరాలు గానీ ఉంటే ఏడు రోజుల్లోగా రుజువులతో తెలపాలనీ, గడువు దాటాక వచ్చినవి చెల్లవనీ అందులో ఉంది. కింద పంజాగుట్టలోని ఒక లాయరు చిరునామా ఉంది. అప్పటికే మూడు రోజులు గడిచిపోయాయి. నాలుగుసార్లు చదివాను. అంతకుముందు వారం ఇద్దరు మనుషులు టేపు పట్టి మా వరండా కొలవడం నేను చూశాను. ఇల్లు మారాల్సి వస్తే బోరబండ అవతల అయితే గానీ మనకు అందుబాటులో దొరకదని అమ్మానాన్నలు గుసగుసలాడుకోవడం విన్నాను. ఇప్పుడు అర్థమైంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇల్లు పోతుంది. పెద్దవాళ్లు ఈ చిన్న అక్షరాలు చదవరు. చదివినదాన్ని నేనే.

నోటు పుస్తకంలోంచి కాగితం చింపి ఉత్తరం రాశాను. ‘సదరు ఇంటిపై మాకు హక్కు కలదు. తొమ్మిది సంవత్సరాలుగా మా స్వాధీనంలో ఉన్నది’ అని. సదరు, కలదు, స్వాధీనం అన్నీ గ్రంథాలయంలో పోగేసుకున్న మాటలే. భయం భయంగా ఉన్నా, వాటిని వాడుకునే రోజు వచ్చినందుకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. పిల్లలు రాస్తే లెక్కచేయరని కింద నాన్నగారి పేరు రాసి, ఆయన సంతకం పెట్టాను. రుజువుగా రేషన్ కార్డు జిరాక్స్ జతచేసి, చౌరస్తాలో పోస్టు డబ్బాలో వేశాను. వేశాక డబ్బా మూతిలో చెయ్యి పెట్టి, కింద పడిందా లేదా అని చూశాను.

తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఉత్తరం అందిందో లేదో తెలియదు. గడువు దాటిన రోజున ఏమీ జరగలేదు. ఆ మర్నాడు సాయంత్రం, వరండాలో వరస కట్టిన పిల్లల ముందే, ఆ ప్రకటన వేయించిన బిల్డరు వచ్చి నాన్నగారి చేతిలో నా ఉత్తరం పెట్టాడు.

“ఏం సార్, మంచోళ్లు అనుకుంటిమి. కిరాయికుండి ఇల్లు కబ్జా పెడ్తరా?”

నాన్నగారు ఉత్తరం చివరిదాకా చదివారు. సంతకం దగ్గర ఆగారు. నా అక్షరాలు ఆయనకు తెలియనివి కావు. బిల్డరు వంకా చూడలేదు, అమ్మ వంకా చూడలేదు. నా వంక తిరిగి, “ఏంటమ్మా ఇది?” అన్నారు, చాలా మెల్లగా.

బిల్డరు నానీమాతో, గొడవ ఉన్న ఇంటి జోలికి తాను రాననీ, సందులో ఇంకా పది ఇళ్లు ఉన్నాయనీ, సోమవారం దాకా చూస్తాననీ చెప్పి వెళ్లిపోయాడు. నానీమా గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆవిడ కూతురు నలుగురు పిల్లలతో బోరబండలో ఒకే గదిలో ఉండేది. బిల్డరు కట్టే ఫ్లాట్లలో ఓనరు వాటాకు వచ్చే వాటితో కూతురిని దగ్గరికి తెచ్చుకోవాలని ఆవిడ ఎన్నాళ్ల నుంచో చూస్తున్నారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆ రాత్రి నాన్నగారు కిందికి వెళ్లి, ఉత్తరం ఆవిడకిచ్చి, నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పి వచ్చారు. నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున్నే నానీమా నన్ను పిలిచారు. కిందికి దిగాను. ఆవిడకు ఉర్దూ చదవడం ఒక్కటే వచ్చు. ఉత్తరం నా ముందు పెట్టి, చదవమన్నారు. చదివాను. స్వాధీనం అన్న మాటను గబగబా దాటేశాను. పూర్తయ్యాక ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

“పేపర్ చదివినవ్. పంజాగుట్ట దాంక చిట్టీ పంపినవ్. పదమూడు మెట్లు దిగి నన్నెందుకు అడగలే బేటా?”

అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆవిడే చెప్పారు. కొత్త బిల్డింగులో రోడ్డు వైపు షట్టరున్న మల్గీ, అంటే కొట్టు గది, ఒకటి తన వాటాకు కావాలని బిల్డరుతో ఎప్పుడో మాట్లాడుకున్నారట. అందులో మా అమ్మ కూరలు అమ్ముకోవాలట. కాగితాలు అయ్యాక చెబుదామని ఆగారట. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు.

“చెప్పులేసుకో. పోదాం,” అన్నారు.

ఆటోలో పంజాగుట్ట చౌరస్తా దాటడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఏం చెప్పాలో మనసులో వల్లిస్తూనే ఉన్నాను. తీరా లాయరు ముందు నిలబడితే, ఇది మా నాన్నగారు రాయలేదు, నేను రాశాను అన్న ఒక్క ముక్కే బయటికొచ్చింది. అక్కడే కూర్చున్న బిల్డరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “గింత పోరి రాసిందా? పెద్ద వకీలును పెట్టిన్రనుకొని నాకు రెండు రోజుల సంది నిద్ర లేదు.” లాయరు మాత్రం నవ్వలేదు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం ఎంత తప్పో నెమ్మదిగా చెప్పి, ఆ ఉత్తరంతో తనకు సంబంధం లేదని నాన్నగారు రాసివ్వాలన్నారు.

ఇక పని అయిపోయిందనుకుని బిల్డరు అగ్రిమెంటు తీసి నానీమా ముందుకు జరిపి, సంతకం చేయమన్నాడు. ఆవిడ పెన్ను తీసుకున్నారు. సంతకం చేయకుండా కాగితాలు నా ముందుకు తోశారు.

“చదువు.”

అంత జరిగాక కూడా నన్నే చదవమంటున్నారు. అది ఇంగ్లీషులో ఉందనీ, నాకు సరిగ్గా రాదనీ చెప్పాను.

“రానికాడ అడుగు,” అన్నారు.

వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాను. గ్రంథాలయంలో తెలియని మాట వస్తే అడగడం నామోషీ అనిపించి, అర్థం ఊహించుకుని ముందుకు పోయే అలవాటు నాకు. ఆ రోజు లాయరును అడగకుండా ఒక్క మాటా వదల్లేదు. రెండు పేజీలకు గంట పట్టింది. బిల్డరు గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. మూడో పేజీలో మల్గీ వచ్చింది. దాని పక్కన రియర్ సైడ్ అని ఉంది.

“రియర్ సైడ్ అంటే ఏంటండీ?”

లాయరు బిల్డరు వైపు చూశారు. బిల్డరు ఫ్యాను వైపు చూశాడు. “వెనకవైపు,” అన్నారు లాయరు.

నానీమా పెన్నుకు మూత పెట్టేశారు. ముందువైపు అని మాట ఇచ్చావు కదా అని అడిగారు. ఎటైతే ఏముంది, కూర బాగుంటే జనం ఎటైనా వస్తారన్నాడు బిల్డరు. “వెనకకు పిల్లులొస్తయి, పిల్లలు రారు,” అంటూ నానీమా లేచారు. “ముందట అని రాయించుకొని రా. అప్పుడు చేస్త.”

సోమవారం దాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. బిల్డరు వేరే ఇంటికి పోతే ఆవిడ కూతురి గతి ఏమిటని నాకు మళ్లీ భయం. సోమవారం సాయంత్రం అతను మార్చిన కాగితం తెచ్చాడు. నేను మళ్లీ మొదటి నుంచి చదివాకే ఆవిడ సంతకం చేశారు.

ఇల్లు కూలిన రోజు మేమందరం ఉన్నాం. జామచెట్టు పడినప్పుడు నానీమా ముఖం తిప్పుకున్నారు. ఏడాదిలో లేస్తుందన్న బిల్డింగు రెండేళ్లు దాటాక గానీ లేవలేదు. అన్నాళ్లూ బోరబండలో, నానీమా కూతురి ఇంటి పక్కనే ఉన్నాం. అమ్మ దగ్గరకు వచ్చే పిల్లలు చాలామంది చెదిరిపోయారు. ఆ రెండేళ్లూ మేం పడ్డ ఇబ్బందిని చిన్నది చేసి చెప్పను. కానీ మల్గీ షట్టరు ఎత్తిన రోజు అది రోడ్డు వైపే ఉంది. దాని పక్కనే కుర్చీ వేసుకుని నానీమా మొదటి ప్యాకెట్టు కొన్నారు. నాన్నగారు ఆ ఉత్తరం మాట మళ్లీ ఎత్తలేదు. సంతకం మాత్రం మార్చుకున్నారు.

ఇప్పుడు ఆ పైనున్న ఫ్లాట్లలోనే ఒకదానిలో ఉంటున్నాను. సందులో పిల్లలు నన్ను పెద్దమ్మా అంటున్నారు. చిన్న అక్షరాలు చదవడం నేటికీ మానలేదు, ఆ గర్వమూ పోలేదు. ఇంటి మీదికో మనిషి మీదికో ఏదైనా కాగితం వచ్చి కంగారు పెడితే మాత్రం, పెన్ను కోసం వెతకను. ముందు చెప్పులు వేసుకుంటాను.