కండక్టరు స్వామి చాప

గురువు కావాలని ఆయన పడిన తపన అంతా ఇంతా కాదు. అయితే వచ్చిన శిష్యుణ్ణల్లా "మీ స్టాపు ఇది కాదు, దిగండి" అని పంపేయడం ఆయన జబ్బు. ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టరు. రిటైరైన మర్నాడే కాషాయం కట్టి, మేడ మీది గదిలో చాప పరిచి కూర్చున్నాడు. వీధివాళ్ళు కండక్టరు స్వామి అన్నారు. కాషాయం మీద కూడా తోలుసంచి భుజం దిగలేదు.

"అన్నీ వదిలేశానంటారు, ఆ సంచో?" అంది భార్య.

"నేను వదిలేశానే. అదే నన్ను పట్టుకు వేలాడుతోంది."

ఆవిడకు ఆ గదిలో కుట్టుమిషన్లు పెట్టుకోవాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. చివరికి తెగేసి చెప్పింది. "నెలాఖరులోగా ఒక్క శిష్యుడైనా నిలవాలి. లేదా చాప చుట్టేయండి."

అంతే, మెట్ల దగ్గర చెవులు రిక్కించి కూర్చుంది.

ముందొక గుమాస్తా వచ్చాడు. పై అధికారి అరిచాడని ప్రపంచమంతా మాయ అన్నాడు.

"జీతం కూడానా?" అన్నాడు స్వామి.

గుమాస్తా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"మీ స్టాపు ఇది కాదు. దిగండి."

తర్వాతొక పెద్దావిడ. మోక్షం కావాలంది. అరగంట మాట్లాడితే అందులో మోక్షం ఓ మాట, మిగతాదంతా కోడలు.

"మీరు కోపంలో తప్పు బస్సెక్కారమ్మా. వెళ్ళి కోడలితో మాట్లాడండి."

మెట్ల మీద భార్య తల బాదుకుంది. ఆవిడకు రావాల్సిన గది ఆవిడకు వస్తోంది, సంతోషించాలి. కానీ పొద్దున్నే కాషాయం ఇస్త్రీ చేసుకుని గుమ్మం వంక చూసే ఆ మొహం చూస్తే మిషన్ల మీద మనసు పోవడం లేదు.

నెలాఖరు రోజున ఒక కుర్రవాడొచ్చాడు. చేతిలో సంచి లేదు. శ్లోకాలు గడగడా చదివాడు. కదలకుండా కూర్చున్నాడు. "హమ్మయ్య!" అనుకుని ఆవిడ ఇద్దరికీ టీ పెట్టింది.

"నాకిక ఎవరూ వద్దు స్వామీ. చివరిదాకా మీ వెంటే."

"చివరిదాకానా?" స్వామి గొంతు మారింది. "ఇంట్లో చెప్పొచ్చావా?"

కుర్రవాడు తల దించుకున్నాడు.

"నీ స్టాపు ఇది కాదు నాయనా. పద."

టీ చల్లారింది. శిష్యుణ్ణి వెంటబెట్టుకుని గురువే బస్సెక్కాడు. సాయంత్రం ఒంటరిగా తిరిగొచ్చాడు.

"చేజేతులా పోగొట్టుకున్నారు!" అని విరుచుకుపడింది ఆవిడ.

"వాడి పెళ్ళానికి నెలలు నిండాయే. గేటు పట్టుకుని వీధి వంక చూస్తోంది." మెల్లగా చాప చుట్టడం మొదలుపెట్టాడు. "చేతిలో సంచీ ఉండదు, ఎక్కడికంటే చివరి స్టాపంటారు. నా బస్సులోనూ ఎక్కేవాళ్ళు, ఇలా ఇల్లు వదిలి పోయేవాళ్ళు. డ్యూటీ దిగాక ఇంటిదాకా దింపి వచ్చేవాణ్ణి."

ఆవిడకు ఆ పాత రాత్రులు గుర్తొచ్చాయి. ఆలస్యంగా వచ్చిన రోజల్లా పేకాటకి పోయాడని ఎంత సాధించిందీ!

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే, ఊరందర్నీ ఇళ్ళకి చేరుస్తారు, మీరు మాత్రం ఇంటికి రారేం అని సాధించేదానివి."

ఆవిడ సగం చుట్టిన చాప లాగి పరిచి, దాని మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"నన్ను చేర్చుకోండి స్వామీ."

బస్సు పాసు తనిఖీ చేస్తున్నట్టు ఎగాదిగా చూశాడాయన. "ఇంట్లో చెప్పొచ్చావా?"

"మా ఆయనకి చెప్పాను. సరే అన్నాడు. మిషన్లు కూడా తనే పైకి మోస్తానన్నాడు."

"ఎప్పుడన్నాడే?"

"ఇప్పుడంటాడు."

స్వామి సంచి తీసి మేకుకు తగిలించాడు.

"నీ స్టాపు ఇదే. కాస్త లోపలికి జరుగు, నాకూ చోటియ్యి."