జేబులో మిగిలిన రేకు

తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం మీద హెలికాప్టర్ చప్పుడు వినబడితే జనం తలెత్తి చూస్తారు. నేను తల దించుకుని వింటాను. రెక్కల దబదబ అందరికీ తెలిసేదే. దాని కింద గేర్‌బాక్సు కూత సన్నగా ఉంటుంది, నా చెవి దాన్ని వెతుకుతుంది. ఈ పాడు అలవాటు ఎస్తేరు అక్క చలవే.

హెలికాప్టర్ గేర్‌బాక్సులు చేసే మా కంపెనీలో అక్క టెస్టింగ్ సూపర్‌వైజరు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను గేర్‌బాక్సుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేది. కంప్యూటరు గీతలు గీసేలోపే ఏ గేరు ఏడుస్తోందో చెప్పేసేది. బరువు తగ్గించడానికి గేర్లను పలచన చేద్దామని ఏళ్ళ తరబడి పోరి ఒప్పించింది కూడా ఆవిడే. అలా తయారైన మొదటి గేర్‌బాక్సును బిగించింది నేను. పరీక్షలో అది కీచుమని అరిచింది. పలచన చేస్తే అరవక ఏం చేస్తుందని పెద్దసార్లు తేల్చేశారు. పాత మందపాటి గేర్లకే తిరిగిపోవాలని మర్నాటి మీటింగులో ఖాయం చేద్దామన్నారు.

మర్నాడు పొద్దున తిరుత్తణి నుంచి వస్తూ, రైల్లో పాసు కోసం యూనిఫాం జేబులో చెయ్యి పెడితే వేలికి పలచటి రేకు తగిలింది. షిమ్ము. గేర్ల పళ్ళ మధ్య సందు సరిచేయడానికి వెయ్యాల్సిన రెండింటిలో ఒకటి. ఎవరో టీకి పిలిస్తే జేబులో వేసుకుని మరిచిపోయాను. అది లేకనే గేర్‌బాక్సు అరిచిందన్నమాట. నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన నెల అది. కిటికీలోంచి విసిరేస్తే అడిగే నాథుడు లేడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, చెయ్యి బయట పెట్టాను కూడా. తిరునిన్రవూరు వైపు వెళ్ళే ఆ రైల్లోంచి తిరువళ్ళూరులో దిగేసరికి మాత్రం రేకు నా గుప్పిట్లోనే ఉంది.

దాన్ని అక్క బల్ల మీద పెట్టాను.

"యాడ దొరికింది?" అంది.

"నా జేబులోనే అక్కా."

అక్క రేకును వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "గేరు పండ్లకు నీలం పూసి, అచ్చు ఎట్ల పడిందో తిప్పి చూసింటే నాకే తెలిసిండేది. నీ మాట నమ్మి సంతకం పెట్టినాను. తప్పు ఇద్దరిదీ. సెరి, రా పా, గేర్‌బాక్సు ఇప్పుదాం."

రిపోర్టులో ముందు తన పేరే రాసుకుంది. మీటింగు మొదలయ్యేలోపు గేర్‌బాక్సు మళ్ళీ తిరిగింది, కూత పోయింది, పలచటి గేర్లు నిలిచాయి. నా పర్మనెంటు మాత్రం ఆర్నెల్లు వెనక్కి పోయింది. ఆ కాగితం మీదా అక్క సంతకమే. అప్పుడు ఒళ్ళు మండింది, ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

అక్క రిటైరయ్యాక తిరుత్తణిలో ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. అన్నేళ్ళు యంత్రాల మధ్య గడిపిన చెవులు రెండూ పోయాయి. మేడ మీద కూర్చుని ఉండగా హెలికాప్టర్ వెళ్ళింది. నేను తల దించుకోవడం చూసి అడిగింది.

"ఎట్లుంది రా?"

బాగుందంటే ఆ ప్రాణం సంతోషించేది. క్యాలెండరు కాగితం వెనక 'సన్నగా కూత ఉందక్కా' అని రాసి ఇచ్చాను. చదివి నవ్వింది.

"ఇప్పుడు నీ మాట నమ్మి సంతకం పెట్టొచ్చు."

అక్క పోయింది. ఎట్లుంది రా అని అడిగేవాళ్ళు లేరు. అయినా ప్లాట్‌ఫారం మీద ఆ చప్పుడు వినబడితే, జవాబు చెప్పాకే రైలెక్కుతాను.